మనం పడేదే పడేవాడు

బుధవారం ఉదయం తొమ్మిదింటికి గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి అయ్యగారు ఆశ్చర్యపోయారు. అయ్యగారు పాస్టరుగా ఉన్న ప్రార్థన మందిరం వైపు ఏనాడూ తొంగి చూడని మనిషి. బజారు చివర చిన్న గదిలో తెల్లటి తియ్యటి మాత్రలిచ్చే హోమియోపతి డాక్టరు. పిల్లలు ఆయన్ని పంచదార డాక్టరంటారు, పెద్దవాళ్ళు కూడా ఆయన లేనప్పుడు అదే అంటారు. మనిషి వెన్నముద్ద, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ విని ఉండరు. అలాంటివాడు పలకరింపు కూడా లేకుండా లోపలికి వచ్చేశాడు.

"అయ్యగారూ, ఆదివారం మీరు నా వైద్యం గురించి ప్రసంగం చేశారట?"

"మీ వైద్యం గురించా? నేనా?"

"మూడు రోజుల్లో మీ వాళ్ళు పదకొండు మంది వచ్చారండీ. ఒకావిడకి మోకాళ్ళు. ఒకాయనకి తలనొప్పి. ఒక ముసలాయనకైతే ఏ జబ్బూ లేదు, ‘అయ్యగారు వేసుకోమన్నారు, వెయ్యి’ అని నోరు తెరిచి కూర్చున్నాడు. నేనూ నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వొచ్చే సంగతి కాదండీ."

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మన అయ్యగారికి గ్రీకు రాదు. ఓనమాలు కూడా రావు. కానీ లేఖనాలు మొదట రాసిన గ్రీకు మాటలకు అర్థాలు చెప్పే లావుపాటి పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉంది. శనివారం సాయంత్రం అందులోంచి ఒక మాట ఏరుకుని, ఆదివారం దాన్ని వేదిక మీద వదిలేవారు. జనానికి అదంటే మహా ఇష్టం. గ్రీకు మాట వచ్చిందంటే వెనక బెంచీల్లో కునికేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు. మెచ్చుకునేవాళ్ళుంటే ఎవరికి మాత్రం చేదు?

మొన్నటి ఆదివారం మాట ‘హోమోయోపథేస్’. ఒక్క ప్రార్థనతో మూడున్నరేళ్ళు వాన ఆపేసిన ప్రవక్త కూడా మనలాంటి స్వభావం ఉన్న మనిషే అని చెప్పేచోట ఆ మాట వస్తుంది. అయ్యగారు కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి, "హోమోయోపథేస్!" అని మూడుసార్లు అన్నారు. మందిరంలో మైకు ఎప్పుడూ జలుబు చేసినట్టే పలుకుతుంది. అక్కడితో ఆగారా? లేదు. "పొద్దున లేవగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి ఈ మాట నాలుక మీద వేసుకోండి. మెల్లగా చప్పరించండి. ఇక మీకు వేరే ఏదీ అక్కర్లేదు!" అన్నారు. చప్పట్లే చప్పట్లు. ఇక వెనక బెంచీల వాళ్ళకు ఏమని వినపడి ఉంటుందో మీరే చెప్పండి. బయటికి వెళ్తూ ఒకావిడ "మంచి మందు చెప్పారయ్యగారూ" అంటే, అది తన ప్రసంగానికి మెచ్చుకోలు అనుకుని ఆ పూటంతా ఆయన పొంగిపోయారు.

"సోమవారం ఒకావిడ వచ్చింది" అన్నాడు డాక్టరు. "పదకొండేళ్ళ పిల్లట. ఆరో ఏట నుంచీ సుగరు. రోజుకి నాలుగు సూదులట. అవి ఆపేసి నా మందు వేస్తానంది. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానండీ, తల్లీ, ఇన్సులిన్ మానితే పిల్ల దక్కదు అని. తలూపి వెళ్ళింది. ఇందాక ఫోన్ చేసింది. ఆదివారం రాత్రే ఆపేసిందట. నిన్నట్నుంచి వాంతులట, ఇవాళ మత్తుగా పడి రొప్పుతోందట. ‘లోపలి చెడంతా బయటికి పోతోంది కదండీ?’ అని నన్నే అడుగుతోంది! ఆస్పత్రికి పరిగెత్తమంటే, ‘మేం అయ్యగారి మాట మీద ఉన్నాం’ అని పెట్టేసింది. మళ్ళీ ఎత్తట్లేదు. ఆవిడ ఇల్లు నాకు తెలీదు. ఎవరండీ ఆవిడ?"

ఎవరో అయ్యగారికి తెలుసు. మందిరం తెరలన్నీ కుట్టిపెట్టిన టైలరమ్మ. ఆ పిల్ల పిచ్చుక. నోరు మూయకుండా కబుర్లు చెబుతుందని అందరూ పెట్టిన పేరది.

టైలరమ్మ ఎందుకు ఆపేసిందో కూడా ఆయనకు తెలుసు. అదీ అసలు బాధ. గ్రీకు మాట ఒక్కటే అయితే ఏ తల్లీ కన్నబిడ్డ సూది ఆపదు. ఆరేళ్ళ కిందట ప్రార్థన కూడికలు అయిన వారం అయ్యగారి రక్త పరీక్షలో సుగరు మామూలుగా వచ్చింది. ఒకే ఒక్కసారి. ఆ సంతోషంలో ఆయన వేదికెక్కి, "నాకు సుగరు పోయింది, మాత్రలు కాలవలో పారేశాను" అని చెప్పేశారు. ఆ క్షణాన అది అబద్ధం కాదు. జనం లేచి నిలబడి ఏడ్చారు. ఫోటోతో కరపత్రం వేశారు. నాలుగు నెలలు తిరక్కుండానే సుగరు రెట్టింపై తిరిగొచ్చింది. మళ్ళీ వేదికెక్కి "తిరిగొచ్చింది" అనడానికి ఆయనకు నోరు రాలేదు. ఈ వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూనే ఏళ్ళు దొర్లిపోయాయి. రోజూ ఉదయం, సాయంత్రం స్నానాల గది తలుపు గడియ పెట్టుకుని పొట్టలో సూది పొడుచుకుంటున్నారు. ఆ సంగతి ఇంటి ఇల్లాలికి తప్ప పురుగుకి కూడా తెలియదు.

ఆ ఇల్లాలు వంటగది గుమ్మంలో నిలబడి అంతా వింది. డాక్టరు కారు తీయడానికి వెళ్ళగానే భర్త చొక్కా చెయ్యి పట్టుకుంది.

"అర్థం చెప్తే వినే మనిషి కాదండీ టైలరమ్మ. చూపించాల్సొస్తుంది."

"చూపిస్తే ఇక మనకి ఇక్కడ..."

"పోతే పోతుంది. నాకు ఆరేళ్ళ నుంచి తిన్నది ఒంటికి పడితే ఒట్టు. వెళ్ళండి ముందు."

కారులో అయ్యగారు దారి చెబుతున్నారే గానీ ధ్యాసంతా ఒక్కచోటే ఉంది. మాటలతోనే ఒప్పించవచ్చు, చూపించే దాకా రాకపోవచ్చు అని మనసు ఊరికే గొణుగుతోంది. పిల్ల ప్రాణం మీదికి వస్తే ఈ మనిషి తన పరువు లెక్క చూసుకుంటున్నాడేమిటని మీరు ఛీ అనుకుంటారు. ఆయనా అనుకున్నారు. అనుకుంటూనే లెక్క చూసుకున్నారు.

"అసలు ఆ మాటకి అర్థమేంటండీ?" అన్నాడు డాక్టరు, ముందున్న లారీ మీంచి కళ్ళు తిప్పకుండా.

"రెండు ముక్కలు కలిపిన మాట. హోమోయోస్ అంటే ఒకేలాంటిది. పథోస్ అంటే... మనిషి మీద వచ్చి పడేది. మనం అంటాం చూడండి, బాధపడ్డాం, భయపడ్డాం, ఆశపడ్డాం, సిగ్గుపడ్డాం అని. ఆ పడటమే. మనం పడేదే తనూ పడేవాడు. అంతే."

"మా వైద్యం పేరులోనూ అవే ముక్కలు" అని నిట్టూర్చాడు డాక్టరు. "ఆదివారం ఇలా చెప్పారా?"

"లేదు."

డాక్టరు హారన్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచాడు.

టైలరమ్మ కింద కొట్టు, పైన కాపురం. పని రోజున ఆ కొట్టు షట్టరు దించి ఉండటం అయ్యగారు ఏనాడూ చూడలేదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. తలుపు తెరవగానే బాగా మగ్గిపోయిన పండు వాసన గుప్పున కొట్టింది. అది పిల్ల ఊపిరి వాసనని తెలిసి డాక్టరు ముఖం పాలిపోయింది. గదిలో ఒక పక్క కత్తిరించిన గుడ్డలు, సుద్దముక్కలు, సగం కుట్టిన గౌను ఉన్నాయి. కిటికీ కింద మంచం మీద పిచ్చుక పడి ఉంది. పెదాలు పగిలిపోయాయి, కళ్ళు లోపలికి పోయాయి. ఆ చిన్న ఛాతీ పైకీ కిందికీ ఎగిసిపడుతోంది, పరుగు పందెంలోంచి అప్పుడే వచ్చి పడ్డట్టు. మంచానికి పైన గోడ మీద అయ్యగారి కరపత్రం అంటించి ఉంది. ఆరేళ్ళనాటి ముఖం నవ్వుతోంది.

"అయ్యగారే వచ్చారు!" టైలరమ్మ ముఖం వెలిగిపోయింది. "చూశావటే పిచ్చుకా, నీ కోసం అయ్యగారు నడిచొచ్చారు!"

డాక్టరు మంచం పక్కన కూలబడి పిల్ల నాడి పట్టుకున్నాడు. రెండో చేత్తో ఆంబులెన్సుకి ఫోన్ చేశాడు. "నలభై నిమిషాలంటున్నారు. అంతసేపు ఆగలేమండీ. ఇన్సులిన్ లేక ఒళ్ళంతా విషమైపోతోంది. నా కారులో తీసుకెళ్దాం, లేపండి."

"అమ్మా, లే" అన్నారు అయ్యగారు. "పిల్లని ఎత్తుకో. ఆస్పత్రికి వెళ్దాం."

టైలరమ్మ నవ్వింది.

"నన్ను పరీక్షిస్తున్నారు కదూ?"

"పరీక్షా లేదు, పాడూ లేదు. నేను ఆదివారం చెప్పింది మందు పేరు కాదమ్మా. అదొక గ్రీకు మాట..."

"నాకు గ్రీకులూ గీకులూ తెలీవయ్యగారూ. నాలుక మీద వేసుకోమన్నారు. ఇంకేదీ అక్కర్లేదన్నారు. అన్నారా, లేదా?"

"అన్నాను గానీ..."

"అన్నారు. అంతే."

"నేను చెప్తున్నాను, వింటావా వినవా?" అయ్యగారు గొంతు పెంచారు. మందిరంలో అల్లరి పిల్లలు కూడా నోరు మూసే గొంతు అది. టైలరమ్మ కదల్లేదు.

"మీకెలా పోయిందయ్యగారూ? మందులు కాలవలో పారేశాకే కదా పోయింది? నేనూ పారేశాను. సీసాలన్నీ. పారేసేటప్పుడు చేతులు వణికాయి, అయినా పారేశాను. మీరు అప్పుడు మధ్యలో భయపడి ఆస్పత్రికి పరిగెత్తారా? లేదు కదా! మరి నా దాకా వచ్చేసరికి లెమ్మంటారేం? కుట్టుపని చేసుకునేదాని నమ్మకం చాలదనా?"

అయ్యగారు వంగి పిల్లను ఎత్తబోయారు. టైలరమ్మ రెండు చేతులూ చాపి మంచానికి అడ్డం నిలబడింది.

"ముట్టుకోకండి. మీ మీద గౌరవంతో చెప్తున్నా. నమ్మకంలో ఇంతదూరం వచ్చాక నా పిల్లని మధ్యలో దించకండి."

డాక్టరు వెనక నుంచి "అయ్యగారూ" అన్నాడు. ఆ ఒక్క పిలుపులో ఇక టైము లేదన్న మాట ఉంది.

సరిగ్గా అప్పుడు ఒక మాట అయ్యగారి నాలుక చివరికి వచ్చింది. "నాకు దర్శనం వచ్చిందమ్మా, ఆస్పత్రిలోనే స్వస్థత అని దేవుడు చెప్పాడు." ఇంతే. ఇది అంటే చాలు, టైలరమ్మ మారు మాట్లాడకుండా లేస్తుంది. పిల్లా బతుకుతుంది, పరువూ మిగులుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఎంత సులువు! వచ్చే నెల ఇంకో మాట ఇంకోలా వినపడి మళ్ళీ సీసాలు పారేస్తే అప్పటి సంగతి అప్పుడు. ఆయన నోరు తెరిచారు కూడా.

పిచ్చుక కళ్ళు సగం విప్పింది. తల్లిని చూడలేదు, డాక్టర్ని చూడలేదు. ఆయన్నే చూసింది.

"నమ్ముతున్నానండీ" అంది, మాటకీ మాటకీ మధ్య రొప్పుతూ. "అయ్యగారూ... ఈసారి... గట్టిగా నమ్ముతున్నా... నిజ్జంగా."

అయ్యగారికి తల కొట్టేసినట్టయింది. ఆ పసిది చచ్చిపోతూ తనకు సంజాయిషీ చెప్పుకుంటోంది. తెరిచిన నోరు మూసుకుని చొక్కా గుండీలకు చెయ్యి వేశారు. మూడో గుండీ తెగి కింద పడింది. బనియను పైకి లాగి పొట్ట చూపించారు.

బొడ్డుకు అటూ ఇటూ సూది గుచ్చిన చుక్కలు. కొన్ని ఎర్రగా ఉన్నాయి, కొన్ని కమిలి నీలంగా ఉన్నాయి, కొన్ని పాతబడి పసుపుగా మారాయి. అవేమిటో టైలరమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోజుకి నాలుగుసార్లు, ఐదేళ్ళుగా, ఆవిడ తన చేత్తో పిల్ల పొట్ట మీద పెడుతున్న చుక్కలే అవి.

"నాకు పోలేదమ్మా" అన్నారు అయ్యగారు. "నాలుగు నెలలే. తర్వాత తిరిగొచ్చింది. చెప్పడానికి సిగ్గుపడ్డాను. తర్వాత భయపడ్డాను. సూది మానితే నేనూ ఆ మంచం మీద అలాగే పడి ఉంటాను. నేనూ మీలాంటి మనిషినే."

టైలరమ్మ ఒక అడుగు ముందుకు వేసి, బట్ట మీద కుట్టు చూసినట్టు, వంగి చూసింది.

"ఈ ఎర్రది ఎప్పటిది?"

"ఇవాళ పొద్దుటిది."

ఆవిడ వెనక్కి తిరిగి పిల్లను దుప్పటితో సహా భుజాన వేసుకుంది. కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగిపోయింది. డాక్టరు తాళాల కోసం జేబులు తడుముకుంటూ ఆవిడ వెనకే పరిగెత్తాడు. అయ్యగారు గుండీలు పెట్టని చొక్కా చేత్తో పట్టుకుని ఆఖరున దిగారు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్లలాగే ఉంది గానీ నోరు కత్తి. పిల్ల చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తూనే, "ఇన్సులిన్ ఎవరు ఆపమన్నారు?" అని గదిమింది. "నేను" అన్నారు అయ్యగారు. "నా మాట వల్ల ఆపారు." ఆ అమ్మాయి ఆయన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, "బయట నిలబడండి" అంది. ఆయన బయట నిలబడ్డారు.

ఐదు గంటలు. మన శత్రువుకి కూడా అలాంటి ఐదు గంటలు వద్దు. పంచదార డాక్టరు టీ తెచ్చి ఇస్తే టైలరమ్మ తీసుకుంది, తాగలేదు. అయ్యగారు ప్రార్థన చేయబోయారు గానీ ఒక్క మాట కూడా కుదురుగా రాలేదు. "దాన్ని బతికించు" అని తప్ప ఇంకేమీ రాలేదు. అలంకారం లేకుండా ఆయన చేసిన ప్రార్థన అదే మొదటిదేమో. రెండున్నరకి డాక్టరమ్మ బయటికి వచ్చి, గండం గడిచిందని చెప్పింది. సాయంత్రం దాకా ఆగి ఉంటే తమ చేతుల్లో ఏమీ ఉండేది కాదని కూడా చెప్పింది. పంచదార డాక్టరు గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

టైలరమ్మ ఏడవలేదు. నేరుగా అయ్యగారి ముందుకు వచ్చి నిలబడింది.

"మందు పేరనుకోవటం నా పొరపాటు. నా చెవుల తప్పు. దానికి మిమ్మల్ని ఒక్క మాట అనను" అంది. గొంతు మెల్లగానే ఉంది. "కానీ ఐదేళ్ళయ్యగారూ! సూది పొడిచినప్పుడల్లా అది నన్ను అడిగేది. ‘అయ్యగారికి పోయింది కదమ్మా, నాకెందుకు పోలేదు? నేనేం తప్పు చేశాను?’ అని. నేనేమనేదాన్నో తెలుసా? ‘నువ్వు సరిగ్గా నమ్మట్లేదే’ అనేదాన్ని. కన్నతల్లిని, నేనే అనేదాన్ని. సూది కన్నా అదే దానికి ఎక్కువ గుచ్చుకునేది. మీరు ఈ ఊళ్ళోనే ఉండి, మీరూ పొడుచుకుంటూ, ఆదివారం దాని తలమీద చెయ్యి పెట్టి నవ్వేవారు."

అయ్యగారు తల వంచుకున్నారు. క్షమించమని అడగడానికి కూడా ఆయనకు ముఖం చెల్లలేదు.

"క్షమించమని అడగాల్సింది నన్ను కాదు" అంది ఆవిడ. "లోపలికి రండి. దానికి చెప్పండి, మీ నోటితో."

పిచ్చుక మెలకువగానే ఉంది. రొప్పు తగ్గింది. చేతికి గొట్టం, పెదాలకు తడి గుడ్డ. అయ్యగారు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. వెయ్యి మంది ముందు తడబడని మనిషి పదకొండేళ్ళ పిల్ల ముందు మూడుసార్లు గొంతు సవరించుకున్నారు.

"నాకు సుగరు పోలేదు తల్లీ. నేనూ నీలాగే రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటాను. పోయిందని అబద్ధం చెప్పాను."

పిచ్చుక చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఆ పిల్ల అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఎవరూ ఎరగరు.

"అయితే..." అంది చివరికి. "నాకు పోకపోవటం... నేను సరిగ్గా నమ్మకపోవటం వల్ల కాదా?"

"కాదమ్మా. నీ తప్పు ఏమీ లేదు. ఎప్పుడూ లేదు."

పిల్ల ముఖం ముడుచుకుపోయింది. ఐదేళ్ళదీ ఒక్కసారే వచ్చినట్టు బావురుమంది. నర్సు పరిగెత్తుకొచ్చింది. టైలరమ్మ మంచం మీదికి ఒరిగి, గొట్టం కదలకుండా పిల్లను ఒళ్ళోకి పొదువుకుంది. అయ్యగారు ఎక్కడికీ పోలేక, కూర్చోలేక, స్టూలు పక్కన నిలబడ్డారు.

"ఆదివారం మైకు పట్టుకుని ఇదే అందరి ముందూ చెప్పండి" అంది టైలరమ్మ, తల తిప్పకుండానే.

"చెప్తానమ్మా."

"తెలుగులో చెప్పండి."